పుట్టుక అడగని రాజ్యం



హాస్టల్ వదిలి పీజీలో చేరాక గది కోసం తిరిగితే, ఒక ఇంటాయన అద్దె సంగతి చెప్పకముందే "మీరేమిట్లు?" అని అడిగాడు. ఆ ప్రశ్నను నిషేధించిన ఒక రాజ్యం గురించి ఎం.ఏ. చరిత్రలో చదివాను. అదే పశ్చిమ ఆఫ్రికాలోని అశాంటీ రాజ్యం. నేటి ఘనా దేశంలో ఉంది.

బంగారం కోసం పోర్చుగీసువారు 1471లో ఆ తీరానికి వచ్చారు. 1482లో ఎల్మినా కోట కట్టారు. 1637లో అది డచ్చివారి చేతికి పోయింది. క్రమంగా బంగారంతో పాటు మనుషుల్ని కూడా కొని, బదులుగా తుపాకులు, మందుగుండు ఇచ్చేవారు. తీరానికి వెళ్లే దారులు డెంకీరా రాజ్యం గుప్పిట్లో ఉండేవి. కుమాసి చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న అశాంటీ నాయకులు దానికి కప్పం కట్టేవారు.

ఒసెయి టుటు యౌవనంలో కొంతకాలం డెంకీరా కొలువులోనే గడిపాడు. తర్వాత కుమాసి నాయకుడై, పూజారి అనోక్యె తోడుతో ఆ నాయకులందరినీ ఏకం చేశాడు. ఆకాశం నుంచి ఒక బంగారు పీఠం దిగి ఒసెయి టుటు ఒడిలో వాలిందని వారి నమ్మకం. జాతి మొత్తం ఆత్మ అందులో ఉందంటారు. అందుకే దానిపై రాజు కూడా కూర్చోడు. 1701లో ఫెయియాసె యుద్ధంలో డెంకీరా ఓడిపోయింది. ఆ ఏడాదే డచ్చివారు కుమాసికి దూతను పంపారు. అక్కడ వారసత్వం తల్లి వైపు నుంచి వస్తుంది. 1999 నుంచి సింహాసనంపై ఉన్న రాజు పేరు కూడా ఒసెయి టుటుయే. ఆ పేరుతో రెండోవాడు.

వలస వచ్చినవారు, ఓడినవారు కూడా అశాంటీలో కలిశారు. అందుకే ఎవరి పుట్టుకనూ ఎవరూ బయటపెట్టరాదని ఒసెయి టుటు శాసించాడంటారు. చదవగానే నా మనసు పొంగిపోయింది.

కానీ తర్వాతి పేజీలు బాధపెట్టాయి. కప్పం బాధ తెలిసిన ఆ రాజ్యమే యుద్ధాల్లో పట్టుబడిన వేలమందిని తీరంలో అమ్మి తుపాకులు కొన్నది. పీఠం కింద చోటు దొరికినవారికి గౌరవం, దొరకనివారికి సంకెళ్లు.

తమ్ముళ్లూ! రాజుల గొప్పలు చదివేటప్పుడు ఎవరు గెలిచారన్నది ఒక్కటే చూడకండి. ఎవరిని అమ్మారో కూడా అడగండి. రేపు మనం ఉద్యోగాల్లో, పదవుల్లో కూర్చున్నప్పుడు మన గుమ్మం ముందు నిలబడినవారిని మాత్రం "మీరేమిట్లు?" అని అడగకుందాం.