చచ్చిన క్రిమి ఏదో ఎవరు చెప్పాలి?

వేలూరుకు దగ్గర్లోని కరిగిరిలో 1955లో షీఫెలిన్ కుష్ఠు పరిశోధన, శిక్షణ కేంద్రం మొదలైంది. 1960 దశకంలో అది గుడియాత్తం తాలూకాను తన వ్యాధి నియంత్రణ క్షేత్రంగా తీసుకుంది. ఆ రోజుల్లో కుష్ఠు వైద్యుల ముందున్న పెద్ద చిక్కు ఒకటే: మందు పనిచేస్తున్నదో లేదో తెలిసేదెలా? చాలా బాక్టీరియాలను గాజు పాత్రలో పెంచి, మందు వేసి, చస్తాయో లేదో చూడవచ్చు. కుష్ఠు క్రిమి అలా పెరగదు. ఇప్పటికీ దాన్ని ఎవరూ పాత్రలో పెంచలేకపోయారు. అందుకే చెవి తమ్మెకో మచ్చకో చిన్న గాటు పెట్టి తీసిన రసాన్ని స్లయిడు మీద పూసి, ఎర్ర రంగు పట్టించి, మైక్రోస్కోపులో క్రిముల ఆకారం చూసేవారు. ఒళ్లంతా నిండుగా రంగు పట్టిన పుల్లలాంటి క్రిమి బతికున్నట్టు లెక్క, ముక్కలైనది, చుక్కలుగా రాలినది చచ్చినట్టు లెక్క. నూటికి ఎన్ని నిండుగా ఉన్నాయన్న అంకెకు మార్ఫలాజికల్ ఇండెక్స్ అని పేరు. 1962లో వాటర్స్, రీస్ అనే పరిశోధకులు చికిత్స తీసుకుంటున్న రోగుల్లో ఈ మార్పును వివరంగా నమోదు చేశారు.

ఇవాళ మందుల పరీక్షల్లో మెషిన్ లెర్నింగ్ చేస్తున్న పని దీనికి కొనసాగింపే. ఒక ప్లేటులో 384 చిన్న గుంతలు, గుంతకో మందు లేదా ఒకే మందు వేర్వేరు మోతాదులు. లోపలి కణాలకు మెరిసే రంగులు పట్టించి, కెమెరా బిగించిన మైక్రోస్కోపుతో ఫొటోలు తీస్తారు. సెల్ పెయింటింగ్ అనే పద్ధతిలో ఆరు రంగులతో కణంలోని ఎనిమిది భాగాలు కనబడేలా చేస్తారు. 2006లో వెలువడిన సెల్‌ప్రొఫైలర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క కణాన్నీ విడదీసి, దాని పరిమాణం, ఆకారం, మెరుపు కొలుస్తుంది. కొన్ని వేల కణాలకు మనిషి ముందుగా ‘ఇది బతికింది, ఇది చచ్చింది, ఇది విభజన మధ్యలో ఆగింది’ అని గుర్తు పెడితే, యంత్రం ఆ తేడాలు నేర్చుకుని మిగతా లక్షల కణాలను వర్గీకరిస్తుంది. యంత్రం వేగం మీద నాకు సందేహం లేదు. సందేహమంతా ఆ మొదటి గుర్తుల మీదే. మందు పరీక్షలో చావుబతుకుల గుర్తును కంటిచూపు నుంచి కాక, కణానికి తర్వాత నిజంగా ఏం జరిగిందన్న దాని నుంచి తీసుకోవాలి. లేకపోతే యంత్రం మన పొరపాటునే వేగంగా చేసిపెడుతుంది.

మార్ఫలాజికల్ ఇండెక్స్‌కు పట్టిన గతి దీనికి సాక్ష్యం. ఒకే స్లయిడును ఇద్దరు చూస్తే రెండు అంకెలు వచ్చేవి. రంగు సరిగా పట్టకపోతే బతికున్న క్రిమి కూడా ముక్కలైనట్టు కనబడేది. అన్ని ల్యాబుల్లో ఒకే కొలతగా నిలబెట్టడం కుదరక, రోజువారీ పనిలోంచి అది క్రమంగా తప్పుకుంది. అయితే ఆకారం చెప్పేది అబద్ధమేమీ కాదు. ఆ సంగతి తేల్చింది ఎలుక. 1960లో చార్లెస్ షెపర్డ్ అనే పరిశోధకుడు కుష్ఠు క్రిములను ఎలుక పాదంలో పెంచవచ్చని చూపాడు. ఐదు వేల క్రిములను ఎక్కించి నెలల తరబడి ఆగితే, బతికినవి ఉంటే పెరుగుతాయి, లేకపోతే లేదు. నిండుగా రంగు పట్టిన క్రిములకూ పాదంలో పెరిగే శక్తికీ సంబంధం ఉందని 1965లో షెపర్డ్, మెక్‌రే చూపగలిగింది ఈ పరీక్షతోనే. అంతకు ముందు ఏడాది పెటిట్, రీస్ మలేసియా రోగుల్లో కుష్ఠు మందు డాప్సోన్‌కు లొంగని క్రిములున్నాయని రుజువు చేసిందీ దీనితోనే. కంటికి తోచిన అనుమానాన్ని సరిచూసే మరో సాక్షి దొరికాకే ఆ అంకెకు అర్థం తేలింది.

ఇద్దరి కళ్లు తేడాగా చూస్తే పదిమందితో చూపించి సగటు తీస్తే సరిపోదా అని అడగవచ్చు. అటూ ఇటూ పడే తప్పులు సగటులో సర్దుకుంటాయి, నిజమే. అందరూ ఒకే వైపు చేసే తప్పు మాత్రం సర్దుకోదు. రంగు పలచబడ్డ స్లయిడులో పదిమందికీ చచ్చిన క్రిములే ఎక్కువగా కనబడతాయి. యంత్రం అలసిపోదు, ఒకే బొమ్మకు ఎప్పుడూ ఒకే తీర్పు చెబుతుంది అన్నది గట్టి వాదనే. మందు వేసిన కణాలనూ వేయనివాటినీ పోల్చేటప్పుడు ఆ నిలకడ చాలా విలువైనది. కానీ సున్నా తప్పిన కాటా కూడా నిలకడగానే తూస్తుంది. ఆర్టెమిసినిన్‌కు మలేరియా క్రిమి లొంగుతుందో లేదో చూసే పరీక్షను గమనించండి. లేత దశలో ఉన్న క్రిములకు ఆరు గంటలు మందు తగిలించి కడిగేస్తారు. ఆ వెంటనే లెక్కపెట్టరు. మొదటి నుంచి 72 గంటలయ్యాక, తర్వాతి తరానికి చేరినవి ఏవో, ముడుచుకుపోయి నల్లచుక్కలుగా మిగిలినవి ఏవో చూస్తారు. ఆ నిరీక్షణే పరీక్షకు ప్రాణం.

మనిషి గుర్తులు అసలే లేకుండా, యంత్రమే బొమ్మల్లో తేడాలు కనిపెట్టే పద్ధతులు వచ్చాయిగా అన్నది ఇంకో అభ్యంతరం. తేడా కనిపెట్టడం వేరు, ఆ తేడా మందు వల్లే వచ్చిందని తేలడం వేరు. ఒకే ప్రయోగాన్ని మరో రోజు, మరో విడత రంగులతో చేసినా బొమ్మలు మారిపోతాయి. ఈ చిక్కును అధ్యయనం చేయడానికే రికర్షన్ అనే అమెరికన్ కంపెనీ 2019లో 51 విడతల్లో తీసిన లక్షకు పైగా కణచిత్రాలను అందరికీ అందుబాటులో పెట్టింది. మందే రంగైతే చిక్కు ఇంకా ముదురుతుంది. కుష్ఠుకు మూడు మందుల చికిత్సలో ఒకటైన క్లోఫజిమిన్ స్వతహాగా ఎర్రటి రంగు పదార్థం, రోగి చర్మాన్నే ముదురు చేస్తుంది, కణాల్లో పేరుకుని మెరుస్తుంది కూడా. అలాంటి బొమ్మలు చూసిన యంత్రం మందు ఫలితాన్ని కాక మందు రంగునే గుర్తుపట్టి, నూటికి తొంభై తొమ్మిది మార్కులు తెచ్చుకోగలదు.

ఎలుక పరీక్షకు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది, ప్రతి నమూనాకూ అంత ఆగలేం కదా అంటే, ఆగనక్కర్లేదు. యంత్రానికి నేర్పడానికి కొన్ని, పరీక్ష పెట్టడానికి కొన్ని నమూనాలకు అలాంటి సాక్ష్యం ఉంటే చాలు. పరీక్షకు పెట్టినవి వేరే రోజున, వేరే చేత్తో రంగు వేసినవై ఉండాలి. ఒకే ప్లేటులోని కణాలను సగం నేర్పడానికీ సగం పరీక్షకూ పంచి సాధించిన మార్కులను నమ్మకూడదు. వేలూరు ప్రాంతంలో వైద్యమూ ఇంజినీరింగూ రెండూ ఉన్నాయి. అక్కడ ఎవరైనా కుష్ఠు స్లయిడుల కోసం ఇలాంటి యంత్రాన్ని తయారుచేస్తే, ‘ఎన్ని లక్షల బొమ్మలు చూపించారు’ అన్నది నా మొదటి ప్రశ్న కాదు. ఎన్ని స్లయిడుల పక్కన ఎలుక పాదం ఫలితం రాసి ఉందో అడుగుతాను.