డీజిలు పికప్ బండికి ఆయిలును ఫిల్టరును ఎప్పుడు మార్చవలెను?

కాయగూరలు, పాలు, ఎరువులు, విత్తనములు చేరవేయుటకు నేడు డీజిలు పికప్ బండి పల్లెలయందు ఎడ్లబండి స్థానమును చాలవఱకు ఆక్రమించినది. ఎడ్లబండి యిరుసునకు కందెన ఎప్పుడు వేయవలెనో రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేకుండెను. ఇరుసు కిఱ్ఱుమనగనే అతనికి తెలిసెడిది. ఇంజను అట్లు కిఱ్ఱుమనదు. అది మొఱపెట్టు నాటికి లోపలి భాగములు అరిగి, బండి బోరుకు వచ్చియుండును. ఆయిలునకును ఫిల్టరునకును గడువు లేర్పఱచుటకు కారణ మిదియే. అయితే మన సభ్యులలో పెక్కుమంది యీ గడువును మీటరుపైని కిలోమీటర్లను మాత్రమే చూచి లెక్కించుచున్నారు. పల్లెలో తిరుగు బండికి ఆ లెక్క చాలదని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట ఆయిలు చేయు పని యేమో చూతము. రాపిడిని తగ్గించుట దాని పనులలో ఒకటి మాత్రమే. పిస్టనుల క్రిందను, టర్బోలోను పుట్టు వేడిని అది మోసికొనిపోవును. చిన్న టర్బో చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దానికి ఆధారము పలుచని ఆయిలు పొర తప్ప వేఱొకటి లేదు. డీజిలు మండినపుడు పుట్టు మసిలో కొంత పిస్టను రింగుల ప్రక్కనుండి క్రిందికి దిగును. ఆయిలులో కలిపిన మందులు ఆ మసిని ముద్దగట్టనీయక, సన్నని రేణువులుగా తేలగట్టి యుంచును. మంటనుండి పుట్టు ఆమ్లములను విఱుచుటకు ఆయిలులో క్షారగుణము గల మందులును ఉండును. గడువు ముగియుట యనగా ఆయిలు జిగురు పోవుట యని పలువు రనుకొందురు. నిజమునకు ముందుగా అయిపోవునవి యీ మందులే.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసి యున్నది. క్రొత్త ఆయిలు పోసిన రెండు మూడు దినములకే అది కాటుకవలె నల్లబడెననియు, అంగడివాడు మోసగించెననియు కొందఱు సభ్యులు మాతో చెప్పియున్నారు. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడుట దోషము కాదు. మసిని తనలో ఇముడ్చుకొని, ఇంజను గోడలకు అంటనీయకున్నదనుటకు అది గుర్తు. రంగును చూచి భయపడి 3,000 కిలోమీటర్లకే ఆయిలును పాఱబోయువారు సొమ్మును పాఱబోయుచున్నారు. వ్రేళ్ల నడుమ రుద్ది చూచి, జిగురున్నదని చెప్పి మఱి కొన్ని వేల కిలోమీటర్లు నడుపువారు అంతకంటె పెద్ద నష్టమునకు ఒడిగట్టుచున్నారు. మందులు మిగిలినవో లేవో వ్రేళ్లకు తెలియదు.

ఇక గడువు మాట. బండితో ఇచ్చిన పుస్తకమే దీనికి ప్రమాణము. ఒక తరహా బండికి 10,000 కిలోమీటర్లని యుండును. క్రొత్త తరహా బండికి 20,000 అనియు ఉండవచ్చును. ఒకరి బండి లెక్కను మఱియొకరు పట్టుకొనరాదు. చాలమంది చదువని భాగ మొకటి ఆ పుస్తకములోనే కలదు. దుమ్ము బాటలు, అధిక భారము, మాటిమాటికి ఆగుచు పోవుట, ఎక్కువసేపు ఇంజను ఊరక నడచుట మొదలగువానిని కఠినమైన వాడుకగా పేర్కొని, అట్టి బండ్లకు గడువు తగ్గింపుమని అందు చెప్పబడి యుండును. పలు పుస్తకములు గడువును ఇంచుమించు సగమునకు తగ్గించును. మన బండ్లలో ఈ వర్ణనకు లోబడనిది యేది? తోట గట్టునుండి తారు బాటకు వచ్చులోపలనే అది కఠినమైన వాడుకలో చేరిపోవుచున్నది.

ఊరక నడచు గంటల సంగతి కొంచెము విస్తరించి చెప్పవలసినది. బండి నిలిచి యుండి ఇంజను నడచుచుండగా మీటరు కదలదు గాని, ఆయిలు పని ఆగదు. పైగా అట్టి వేళ ఇంజను చాలినంత వేడెక్కక, డీజిలు సరిగా మండక, మసియు తడియు ఎక్కువగా ఆయిలులో చేరును. అమెరికా దేశపు ఫోర్డు కంపెనీ తన డీజిలు పికప్ బండ్ల విషయమున ఇట్టి ఒక గంటను సుమారు 25 మైళ్ల, అనగా 40 కిలోమీటర్ల, ప్రయాణముతో సమానముగా లెక్కగట్టినది. ఈ లెక్కను మన బండికి అన్వయించి చూతము. తోటనుండి మదనపల్లె టమాటా మార్కెట్టునకు పోయివచ్చుటకు 60 కిలోమీటర్లనుకొందము. క్రేట్లు ఎక్కించునపుడును, మార్కెట్టులో బండ్ల బారున జరుగునపుడును కలిపి దినమునకు మూడు గంటలు ఇంజను ఊరక నడచుననుకొందము. నెలకు 25 దినముల పనికి మీటరుపై 1,500 కిలోమీటర్లు పడును. ఊరక నడచినది 75 గంటలు; దాని విలువ 3,000 కిలోమీటర్లు. కావున నెలకు ఇంజను చేసిన పని 4,500 కిలోమీటర్లకు సమానము. పుస్తకములోని గడువు 10,000 అయినచో, అది రెండు నెలల వారము దినములకు తీఱిపోవును. అప్పటికి మీటరుపై 3,300 మాత్రమే యుండును! డ్రైవరు ఇంకను 6,700 కిలోమీటర్లు మిగిలియున్నవని నమ్ముచుండును.

మిరపకాయల కాలమున గుంటూరు యార్డు ముందర బారులుదీరిన బండ్లకును ఇదే వర్తించును. గంటలు లెక్కవ్రాయు ఓపిక గలవారు పై విధముగా లెక్కించుకొనవచ్చును. లేనివారు పుస్తకములోని గడువును సగము చేసికొనిన చాలును. రెండు తగ్గింపులను ఒకేసారి చేయ పనిలేదు. అన్నిటికంటె చౌకయైన ఉపాయము బారులో నిలిచినపుడు తాళము త్రిప్పి ఇంజనును ఆపుట. దూరము నుండి భారముతో వచ్చిన వెంటనే మాత్రము టర్బో చల్లారుటకు ఒక నిమిషము ఆగి, పిమ్మట ఆపవలెను.

కిలోమీటర్లు నిండకున్నను ఏడాదికి ఒకసారి ఆయిలు మార్చవలసినదే. పంటకాలము ముగిసి బండి షెడ్డులో నిలిచియున్నపుడు పాత ఆయిలులోని ఆమ్లములును తేమయు బేరింగులను తినివేయుచుండును. అందుచేత బండిని మూలబెట్టుటకు ముందే మార్చుట మేలని మా అభిప్రాయము. మరల పని మొదలైనపుడు మార్చుకొందమని వాయిదా వేయువారు, చెడు ఆయిలును నాలుగు నెలలు ఇంజను కడుపులో నిలువ యుంచుచున్నారు.

ఫిల్టరును ఆయిలుతోపాటు ప్రతిసారియు మార్చవలెను. ఆయిలు మార్చి పాత ఫిల్టరును ఉంచి కొన్ని వందల రూపాయలు మిగుల్చుకొను వాడుక కొన్ని ఊళ్లలో కలదు. ఫిల్టరు లోపల మడతలు పెట్టిన కాగితముండును. అది మురికితో పూడిపోయినచో ఆయిలు ఆగిపోయి ఇంజను పట్టుకొనిపోవలెను గదా యని తోచును. అట్లు జరుగకుండుటకు ఒక చిన్న కవాటము నమర్చినారు. కాగితము పూడినపుడు ఆ కవాటము తెఱచుకొని, ఆయిలు వడపోత లేకయే బేరింగులకు పోవును. దీపము వెలుగదు, చప్పుడు మాఱదు, బండి యథాప్రకారము నడచును. మనుజుని వెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. బేరింగు నడుమ ఆయిలు పొర కొన్ని మైక్రానులే. ఆ సందులో కంటికి కనబడని ఇసుక రేణువు పడిన ఏమగునో వేఱుగ చెప్పనేల?

ఆ యిసుక ఎక్కడనుండి వచ్చును? గాలినుండియే. ఒక లీటరు డీజిలు మండుటకు తక్కువలో తక్కువగా 10,000 లీటర్ల గాలి కావలెను. దున్నిన చేల నడుమ బాటపై ముందు బండి లేపిన దుమ్ములో పోవునపుడు ఎంత మన్ను ఇంజను వాకిటికి వచ్చునో ఊహించుకొనుడు. ఎయిర్ ఫిల్టరు దానిని ఆపుచున్నది. దీనిని నేలకేసి కొట్టి దులుపు అలవాటు మంచిది కాదు. కాగితమునకు చిన్న చీలిక పడినను, అంచు వంగినను, దుమ్ము నేరుగా లోపలికి పోవును. పుస్తకము అనుమతించినచో లోపలి వైపునుండి వెలుపలికి మెల్లగా గాలి కొట్టవచ్చును. మాటిమాటికి విప్పుటకంటె, గడువునకు క్రొత్తది వేయుటయే క్షేమము.

డీజిలు ఫిల్టరునకు శత్రువు నీరు. పీపాలలో నిలువ చేసిన డీజిలులో రాత్రి చలికి తేమ నీరై అడుగున చేరును. నేటి ఇంజనులలో డీజిలు వేయి బార్లకు మించిన ఒత్తిడితో వెండ్రుకవంటి రంధ్రముల గుండ చిమ్మబడును. నీరు తగిలినచో ఇంజెక్టరులు చెడును, వాని వెల మిక్కిలి హెచ్చు. ఫిల్టరు అడుగున మరయున్న బండ్లకు పుస్తకము చెప్పిన చొప్పున దానిని వదులు చేసి నీరు తీయవలెను. వర్షకాలమున మఱింత తఱచుగా తీయుట మంచిది. నీటి దీపము వెలిగినచో ఊరు చేరువఱకు ఆగక, వెంటనే చూడవలెను.

ఏ ఆయిలు పోయవలెనని అడుగువారు డబ్బాపై రెండు గుర్తులు చూడవలెను. 15 డబ్ల్యు-40 వంటిది ఆయిలు చిక్కదనమును తెలుపును, సి.ఐ.-4, సి.కె.-4 వంటివి దాని తరగతిని తెలుపును. 2020 ఏప్రిల్ 1 నుండి అమ్మబడిన బి.ఎస్.-6 డీజిలు బండ్లలో సాధారణముగా పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ యొకటి యుండును. వీనికి బూడిద తక్కువగల ఆయిలు కావలెను. పాత తరగతి ఆయిలు పోసిన, దాని బూడిద జల్లెడను పూడ్చివేయును. మఱియొక విశేషము. ఈ జల్లెడలోని మసిని కాల్చుటకు ఇంజను అప్పుడప్పుడు అదనముగా డీజిలు చిమ్మును. కొద్ది దూరపు ప్రయాణములచే ఆ పని మధ్యలో ఆగుచున్నచో, మండని డీజిలు ఆయిలులోనికి దిగును. అప్పుడు గేజి కడ్డీపై ఆయిలు మట్టము తగ్గుటకు మాఱుగా పెరుగును. ఆయిలు పెరిగినదని సంతోషింపరాదు. పై గీతను దాటినచో గడువుతో నిమిత్తము లేక మార్చవలెను. ఇట్టి బండిని అప్పుడప్పుడు పెద్ద బాటపై అరగంట ఆపకుండ నడుపుట మంచిది.

ఆయిలు మార్చునపుడు బండి సమతలమున నిలువవలెను. ఇంజను గోరువెచ్చగా నుండవలెను. ఛాంబరు నట్టు విప్పి పావుగంట ఓపికతో కారనిచ్చి, క్రొత్త వాషరు వేయవలెను. పాత ఫిల్టరు రబ్బరు ఇంజనుకే అంటుకొని యుండవచ్చును. దానిపై క్రొత్త ఫిల్టరు బిగించినచో బాటలో ఆయిలంతయు కారిపోవును. క్రొత్త రబ్బరుకు ఆయిలు రాచి చేతితోనే బిగింపవలెను. ఇంజను నడిపి, ఆపి, కొంతసేపటికి మట్టమును మరల చూడవలెను.

విడి ఆయిలు కొనవద్దు. మూత పగులని డబ్బానే కొని, ఖాళీ అయిన పిదప దానికి రంధ్రము పొడిచి పాఱవేయుడు. లేనిచో అందులోనే నకిలీ సరకు నింపి మరల అమ్మువారు కలరు. సంఘపు బండికి ఒక పుస్తకమును డ్రైవరు పెట్టెలో ఉంచి, తేదీ, మీటరు అంకె, ఊరక నడచిన గంటలు, పోసిన ఆయిలు తరగతి, మార్చిన ఫిల్టరులు వ్రాయింపవలెను. డ్రైవరు మాఱినపుడు పాత డ్రైవరు జ్ఞాపకముతోపాటు బండి చరిత్ర వెళ్లిపోకుండుటకు ఇది అవసరము.

తీసిన పాత ఆయిలు ఒక్కొక్క బండికి 5 మొదలు 8 లీటర్లవఱకు ఉండును. దీనిని కాలువ గట్టున పాఱబోయుట, చెదలకని దూలములకు పూయుట, పిడుదులకని పశువుల ఒంటికి రాయుట మేము చూచియున్నాము. ఇందులో లోహములును, క్యాన్సరు కలిగింపగల పదార్థములును ఉన్నవి. పశువు నాకినచో అవి కడుపులోనికి పోవును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన ఆయిలు చేరియున్నది. సంఘపు షెడ్డులో మూతగల పీపా యొకటి ఉంచి, అందఱి పాత ఆయిలును అందు చేర్చి, అనుమతి పొందిన శుద్ధి కర్మాగారము వారికే అమ్మవలెను. ఆ పీపాలో నీరు గాని బ్రేకు ఆయిలు గాని కలుపరాదు. కలిసినచో వారు తీసికొనరు.