చేప ఈతలో నీటి పరీక్ష

చెరువులో చేపలు చచ్చి తేలాక నీళ్లు పాడయ్యాయని చెప్పడానికి శాస్త్రమెందుకు? చావుకు చాలా ముందే చేపకు ఈదే సత్తువ తగ్గుతుంది. దాన్ని కొలిచే పద్ధతిని కెనడా శాస్త్రవేత్త జె.ఆర్. బ్రెట్ 1964లో సాకై సాల్మన్ చేపలపై చేసి చూపించాడు.

గొట్టంలో చేపను వదిలి ఎదురుగా నీళ్లు పారిస్తారు. నిలదొక్కుకోవాలంటే అది ఈదుతూనే ఉండాలి. కొంతసేపటికోసారి నీటి వడి పెంచుతారు. అరగంటకోసారి సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున పెంచుతున్నామనుకుందాం. 50 దగ్గర అరగంటా నిలిచిన చేప, 60 దగ్గర పావుగంటకే అలసి వెనకున్న జాలీకి ఆనుకుపోతే దాని ఈత వేగం 55. చిన్నాపెద్దా చేపల్ని పోల్చడానికి ఆ అంకెను చేప పొడవుతో భాగిస్తారు.

నిలకడగా ఈదే ఎర్ర కండరానికి ఆక్సిజన్ ఎడతెగకుండా అందాలి. అది మొప్పల పని. రాగి, జింకు వంటి లోహాలు మోతాదు మించితే మొప్పల పల్చని పొర దెబ్బతింటుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలను చెడగొడతాయి. విడివిడిగా పరీక్షిస్తే ఒక్కోటీ పరిమితిలోనే ఉన్నట్టు తేలవచ్చు. అన్నీ కలిసి చేసే చెరుపు మాత్రం చేప ఒంట్లో బయటపడుతుంది. నా దృష్టిలో ఈ పరీక్షకున్న అసలు విలువ ఇదే.

ఈ పరీక్ష మన చెరువులకు ఎలా పనికొస్తుందో చూద్దాం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడు అందులో నీళ్లు అడుగంటుతాయి. మిగిలిన కాసిని నీళ్లూ వేడెక్కుతాయి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నరే. తెల్లవారుజామున శీలావతి, బొచ్చె పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయంటే ఆక్సిజన్ చాలడం లేదని పెంపకందారులకు తెలుసు. కొర్రమీను బయటి గాలి పీల్చి బతుకుతుంది కాబట్టి ఆ గుర్తుకు దాన్ని నమ్ముకోకూడదు.

కంభం చుట్టుపక్కల మార్కాపురం, గిద్దలూరు పల్లెల్ని ఏళ్లుగా పీడిస్తున్నది బోరునీటిలోని ఫ్లోరైడ్. దానికి ఈ ఈత పరీక్ష పనికిరాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను ఏళ్ల తరబడి తాగితే మన పళ్లకూ ఎముకలకూ జరిగే హాని చేప ఈతలో కనిపించదు. చేపలు చలాకీగా ఉన్నాయి కదా అని ఏ నీళ్లూ తాగడానికి పనికొస్తాయనుకోవద్దు; రసాయన పరీక్ష చేయించాల్సిందే.

చెరువు సంగతి వేరు. కంభంలో నీళ్లు నిండుగా ఉన్న ఏడాదే శీలావతి పిల్లల ఈత వేగం కొలిచి రాసిపెట్టాలి. నీటి వేడిని, కరిగిన ఆక్సిజన్‌ను కూడా పక్కనే నమోదు చేయాలి. అప్పుడే కరువు ఏడాది ఈత తగ్గితే అది వేడి వల్లనా, నీళ్లలో కలిసిన ఏదైనా విషం వల్లనా అని వెతకడానికి ఆధారం దొరుకుతుంది.