ఫ్రెంచి నీటిశుద్ధి పదాల ఆంగ్లానువాదం: పదంతోపాటు ప్రమాణమూ మారాలి

పారిశ్రామిక నీటిశుద్ధికి సంబంధించిన ఫ్రెంచి గ్రంథాలు, యంత్రాల కరదీపికలు, నీటి విశ్లేషణ నివేదికలు ఆంగ్లానువాదం ద్వారా ఇతర దేశాలకు చేరుతుంటాయి. శుద్ధిచేసిన పారిశ్రామిక జలాలు సాగుకు పనికివస్తాయా అని పరిశీలించే వ్యవసాయ శాస్త్రవేత్త వీటిని చదివేటప్పుడు కొన్ని అంశాలను గమనించడం అవసరం.

మొదటిది, రూపసామ్యం గల పదాలు. ఫ్రెంచిలో ‘దెకాంతాసియోం’ అంటే రేణువులు తొట్టి అడుగుకు చేరడం. దీనికి సరైన ఆంగ్లపదం ‘సెడిమెంటేషన్’. ‘డికాంటేషన్’ అంటే పైతేట నీటిని వంచి వేరుచేయడం మాత్రమే. అలాగే బాయిలరు సందర్భంలో ‘ప్యుర్జ్’కు ‘బ్లోడౌన్’ సరైన పదం.

రెండవది, సంక్షిప్త పదాలు. ఫ్రెంచి డి.బి.ఓ., డి.సి.ఓ.లు వరుసగా ఆంగ్లంలోని బి.ఓ.డి., సి.ఓ.డి.లు. వీటిలో పొరపాటుకు తావు తక్కువ. అసలు చిక్కు ‘టి.ఎ.’తో వస్తుంది. ఆంగ్ల పాఠకునికి ఇది మొత్తం క్షారత్వంగా తోస్తుంది. కాని ఫ్రెంచిలో అది ఫినాఫ్తలీన్ సూచికతో కొలిచే క్షారత్వం మాత్రమే. మొత్తం క్షారత్వాన్ని ‘టి.ఎ.సి.’ తెలుపుతుంది. ఉదజని సూచిక 8.3 కంటే తక్కువగా ఉన్న నీటిలో బైకార్బొనేట్లు ఎంత అధికంగా ఉన్నా టి.ఎ. విలువ సున్నాయే. దానిని మొత్తం క్షారత్వంగా అనువదిస్తే, క్షారజలం క్షారరహితంగా నమోదవుతుంది.

మూడవది, కొలమానం. ఒక ఫ్రెంచి డిగ్రీ లీటరుకు 10 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు, అనగా 0.2 మిల్లీ ఈక్వివలెంట్లకు సమానం. ఉదాహరణకు ఒక నీటి నమూనాలో టి.ఎ.సి. 30 డిగ్రీలు, మొత్తం కాఠిన్యాన్ని తెలిపే టి.హెచ్. 15 డిగ్రీలు అనుకుందాం. క్షారత్వమంతా కార్బొనేట్, బైకార్బొనేట్ల వల్లనే ఏర్పడినదైతే అవి 6 మిల్లీ ఈక్వివలెంట్లు, కాల్షియం, మెగ్నీషియంలు 3 అవుతాయి. అవశేష సోడియం కార్బొనేట్ 3. ఇది 2.5 మించినందున ఆ నీరు సాగుకు తగదు. డిగ్రీలను మిల్లీగ్రాములుగా భ్రమిస్తే అదే విలువ 0.3గా తేలి, నీరు నిరపాయకరమని తీర్పు వెలువడుతుంది. ఫలితంగా సోడియం పేరుకొని నేల నిర్మాణం చెడుతుంది; నీరు ఇంకే గుణం తగ్గుతుంది. ఆ నష్టాన్ని భరించవలసినది రైతే.

దశాంశ చిహ్నాన్నీ విస్మరించరాదు. ఫ్రెంచిలో ‘1,250’ అని ఉంటే అది ఒకటింబావు. మన అలవాటు ప్రకారం చదివితే అది పన్నెండువందల యాభై.

కాబట్టి అనువదించిన నివేదికను సిఫారసుకు వినియోగించే ముందు మూల సంక్షిప్త పదాన్ని, కొలమానాన్ని, దశాంశ చిహ్నాన్ని సరిచూడాలి. అనువాదకుడు కూడా ఆంగ్లపదం పక్కన మూలపదాన్ని, మార్చిన విలువ పక్కన మూలవిలువను ఉంచడం శ్రేయస్కరం. విద్యార్థులు ఈ అలవాటును ప్రయోగశాలలోనే అలవరచుకోవాలి.