క్రెటానా... సెల్టోసా?
రెండు బండ్లకూ ఇంజిను ఒక్కటే.. తేడా అంతా పన్నులో, డీజిల్‌లో, కంతులో

రాయచూరు: వరికోతలు అయిపోయి వడ్లు మిల్లుకు చేరాయంటే సింధనూరు, మాన్వి వైపు తెలుగు క్యాంపుల్లో రెండే మాటలు. బస్తా ఎంత పలికింది? ఈసారి బండి ఏది? చిన్న కారులో ఊరి గతుకులు దాటలేకపోతున్నామని ఇంట్లో వాళ్లు, ఎత్తు బండి ఉండాల్సిందేనని కుర్రకారు. చివరికి మాట వచ్చి ఆగేది ఆ రెండు పేర్ల దగ్గరే. హ్యుందాయ్ క్రెటా, కియా సెల్టోస్. ఇంటి పెద్ద ఒకటంటే కొడుకు ఇంకొకటంటాడు. 15 లక్షలు దాటే వ్యవహారం. ఎకరాల ఆదాయం ఒక్క సంతకంతో పోయే చోట రంగు, స్క్రీన్ చూసి తేల్చుకుంటే తర్వాత బాధపడేది ఆ ఇంటివాళ్లే.

అన్నదమ్ముల పోటీ

ముందు తెలుసుకోవాల్సింది.. ఈ రెండూ ఒకే ఇంటి బండ్లు. కియాలో పెద్ద వాటాదారు హ్యుందాయే. క్రెటా 2015 జులైలో వచ్చింది. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులో తయారవుతుంది. సెల్టోస్ 2019 ఆగస్టులో వచ్చింది. అప్పటి అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన తొలి బండి అదే. అందుకే సరిహద్దుకు ఇటువైపు తెలుగువాళ్లలో 'మన పెనుకొండ బండి' అన్న అభిమానం కొంత ఉంది. అభిమానం మంచిదే కానీ, దగ్గర్లో తయారైందని బిల్లులో రూపాయి తగ్గదు.

ఇంజిన్లు రెండింటిలోనూ ఒకటే రకం. 1.5 లీటర్ల మామూలు పెట్రోలు, 1.5 టర్బో పెట్రోలు, 1.5 డీజిల్. రెండూ ముందు చక్రాలతో నడిచేవే. ఇక్కడ అమ్మే ఈ బండ్లలో ఫోర్‌వీల్ డ్రైవ్ లేదు. చూడ్డానికి జీపులా ఉన్నా లోపలి కట్టుబడి కారుదే. వాన పడ్డాక నల్లరేగడి డొంకలో దిగబడితే ఏదైనా ట్రాక్టరుతో లాగించుకోవాల్సిందే. పొలంలోకి దించే ఆలోచన ఉంటే ఈ రెండూ కాదు, వేరే బండి చూసుకోవాలి.

తేడా కనిపించేది కొలతల్లో. 2024 జనవరిలో కొత్త రూపు దిద్దుకున్న క్రెటా పొడవు 4,330 మిల్లీమీటర్లు, చక్రాల మధ్య దూరం 2,610. 2026 జనవరిలో వచ్చిన కొత్త తరం సెల్టోస్ పొడవు 4,460, చక్రాల మధ్య దూరం 2,690. వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని మంత్రాలయానికో, హైదరాబాద్ ఆసుపత్రికో తరచూ వెళ్లే ఇంటికి ఈ 80 మిల్లీమీటర్లు లెక్కలోకి వస్తాయి. ఇరుకు సందులో ఇల్లున్నవాళ్లకు క్రెటానే సులువు.

కేఏ-36 నంబరు ఖరీదు

షోరూంలో చెప్పే ధర వేరు, ఇంటికి తెచ్చుకునే ధర వేరు. కర్ణాటకలో 10 లక్షల నుంచి 20 లక్షల కార్లకు జీవితకాల పన్ను 17 శాతం. ఆ పన్ను మీద 11 శాతం సెస్సు. అంటే 15 లక్షల బండికి పన్ను 2,55,000, సెస్సు 28,050, కలిపి 2,83,050 రూపాయలు. బీమా అదనం.

'కర్నూలులోనో, గద్వాలలోనో చుట్టాల అడ్రసు మీద రాయిస్తే పోలా' అన్న సలహా ప్రతి క్యాంపులోనూ వినిపిస్తుంది. అది దారి కాదు. బండి మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ రాష్ట్రంలోనే రిజిస్ట్రేషన్ చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది 47వ సెక్షన్. అప్పుడు ఎన్వోసీ తేవాలి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో రావాల్సింది రాబట్టుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. పైగా ఆంధ్ర, తెలంగాణల్లోనూ ఈ ధర బండ్లకు పన్ను తక్కువేమీ కాదు. మిగిలేది కొంచెం, తిప్పలు బోలెడు.

మరో సంగతి. 10 లక్షలు దాటిన కారుకు షోరూం వాళ్లు ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. 15 లక్షల బండికి 15 వేలు. ఆదాయపన్ను రిటర్ను వేస్తే ఇది లెక్కలోకి వస్తుంది, కట్టాల్సిన పన్ను లేకపోతే వెనక్కి వస్తుంది. వ్యవసాయ ఆదాయమే కదా అని రిటర్ను వేయని రైతులు ఆ డబ్బు వదులుకుంటున్నట్టే. బిల్లు ఎవరి పాన్ మీద ఉందో చూసుకోవాలి.

డీజిల్ ఎవరికి లాభం?

క్యాంపుల్లో డీజిల్ మీద మోజు ఎక్కువ. దాని లెక్క కాగితం మీద వేసి చూడాలి. క్రెటా మాన్యువల్‌కు కంపెనీ చెప్పే మైలేజీ డీజిల్‌లో 21.8, పెట్రోలులో 17.4 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత రాదు. 17, 13 వస్తాయనుకుందాం. డీజిల్ 91, పెట్రోలు 103 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు డీజిల్ ఖర్చు 5.35, పెట్రోలు ఖర్చు 7.92. మిగిలేది రెండున్నర రూపాయల పైచిలుకు.

డీజిల్ బండి ధరే లక్షన్నర ఎక్కువనుకుంటే, పన్నుతో కలిపి తేడా 1.78 లక్షలు. ఆ డబ్బు తిరిగి రావాలంటే సుమారు 70 వేల కిలోమీటర్లు నడపాలి. నెలకు 2 వేల కిలోమీటర్లు తిరిగే విత్తనాల వ్యాపారికి మూడేళ్లలో గిట్టుబాటు. నెలకు వెయ్యి తిరిగే రైతుకు దాదాపు ఆరేళ్లు.

ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రం కావాలంటే బండి అప్పుడప్పుడూ హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు పోవాలి. క్యాంపు నుంచి సింధనూరు బజారుకు, బజారు నుంచి క్యాంపుకు పదేసి కిలోమీటర్లే తిరిగితే ఫిల్టరు పూడుకుపోయి మీటరులో లైటు వెలుగుతుంది. దగ్గరి తిరుగుళ్లే ఎక్కువైతే పెట్రోలే మేలు.

పంటకు, కంతుకు పొంతన

అన్నిటికంటే పెద్ద లెక్క ఇది. 12 లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే ఐదేళ్లకు నెల కంతు 25,200. ఏడేళ్లకు పెట్టుకుంటే 19,600. కంతు తగ్గిందని సంతోషమే కానీ, వడ్డీ 3.12 లక్షల నుంచి 4.47 లక్షలకు పెరుగుతుంది.

తుంగభద్ర ఎడమ కాలువ కింద రైతుకు డబ్బు నెలనెలా రాదు. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్ల మార్పిడి పనుల కోసం 2025-26లో రెండో పంటకు నీళ్లివ్వలేదు. ఆ ఏడాది కాలువనే నమ్ముకున్న ఇళ్లలో ఒక పంట డబ్బే ఏడాదంతా సాగాలి. కంతు మాత్రం ఆగదు. కొన్ని బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రైతులకు ఆరు నెలల కంతులు ఇస్తాయి. అడిగితేనే చెబుతారు. ఒక్క పంటతోనే ఏడాది కంతులు కట్టగలమా అని చూసుకుని అప్పు మొత్తం నిర్ణయించుకోవడం క్షేమం.

అది కుదరకపోతే 4 మీటర్ల లోపు పొడవున్న బండ్ల వైపు చూడొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పొడవులో 1,200 సీసీ లోపు పెట్రోలు, 1,500 సీసీ లోపు డీజిల్ బండ్లకు జీఎస్టీ 18 శాతమే. క్రెటా, సెల్టోస్‌లకు 40 శాతం.

కొనేముందు ఇవి చూసుకోండి

* ఇంట్లో నలుగురినీ ఎక్కించుకుని, మీ ఊరి దారిలోనే నడిపి చూడండి. షోరూం ముందు తారురోడ్డు మీద అన్ని బండ్లూ బాగానే ఉంటాయి.

* సర్వీసు ఎక్కడ? రాయచూరు నుంచి సింధనూరు 80 కిలోమీటర్లు పైమాటే. మీకు దగ్గర్లో ఏ కంపెనీ వర్క్‌షాపు ఉంటే ఆ బండికి ఒక మార్కు ఎక్కువ వేయండి.

* గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 2020లో సెల్టోస్‌కు, 2022లో క్రెటాకు పెద్దల రక్షణలో మూడేసి నక్షత్రాలే వచ్చాయి. అవి అప్పటి మోడళ్లవి. మీరు కొనే మోడల్‌కు భారత్ ఎన్‌క్యాప్ మార్కులు అడగండి.

* పై మోడల్‌కు పోయేముందు అందులో ఎక్కువగా ఇచ్చేవి రాసుకోండి. ఎండాకాలం రాయచూరులో పైకప్పు అద్దం తెరిచేది ఎన్నిసార్లు?

* ఆన్‌రోడ్ ధర వివరంగా కాగితం మీద రాయించుకోండి. బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. బయట రెండు చోట్ల అడిగి చూడండి.

రెండింటిలో ఏది తెచ్చుకున్నా బండి చెడ్డది కాదు. నెలకు ఎన్ని కిలోమీటర్లు, ఏడాదికి ఎన్ని పంటలు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు.. ఈ మూడింటికీ ఇంట్లోనే జవాబు రాసుకుని షోరూం మెట్లెక్కితే చాలు. సేల్స్ కుర్రాడు ఏం చెప్పినా లెక్క తప్పదు.