కరువు పని మానితే కార్డు పోతుందా?



2024 జూన్ నెలలో పచ్చిరొట్ట విత్తనాల సంగతి చెప్పడానికి కోనసీమలో ఒక ఊరు వెళ్లాను. జీలుగ, జనుము గురించి చెప్పి లేవబోతూ ఉంటే, కాలవ గట్టు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ, "బాబూ, నీది వ్యవసాయం ఆఫీసే గానీ, కాయితం చదివినవాడివి కదా, ఒక్క మాట చెప్పు" అంది. సంగతేమిటంటే, అంతకు ముందు దాళ్వా ఊడ్పుల్లో ఆవిడా, కోడలూ పది రోజుల పాటు కరువు పని మానేసి ఊడ్పులకు వెళ్లారట. "పని ఎగ్గొట్టారు గనుక మీ కార్డు కొట్టేశారు, ఇక రానక్కరలేదు" అని ఎవరో అన్నారట. ఆ మాట పట్టుకొని ఆ ఇంటివారు వేసవి అంతా పని అడగలేదు. ఇంటి ముందరి బోదెలో పూడిక తీస్తూ ఉంటే చూస్తూ కూర్చున్నారు.

మనిషికి నలభై రోజులు వేసుకున్నా ఇద్దరికీ ఎనభై దినాలు. 2024–25లో ఆంధ్రప్రదేశ్‌కు నిర్ణయించిన రోజు కూలి 300 రూపాయలు. కొలత నిండేటట్టు పని చేసి ఉంటే 24,000 రూపాయలు ఆ ఇంటికి వచ్చేవి. ఒక్క తప్పు మాట ఖరీదు అది. అందుచేత ఈపూట ఎరువుల మాట పక్కన పెట్టి, పని మానితే ఏమవుతుందో చెప్పుకుందాం.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకాన్ని ప్రారంభించారు. పని కావాలని అడిగిన ఇంటికి ఏడాదికి వంద రోజుల పని ఇవ్వవలెను, అడిగిన పదిహేను రోజుల లోపల చూపించవలెను, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వవలెను అని అందులో రాశారు. ఆ భృతి మొదటి ముప్పై రోజులూ కూలిలో నాలుగో వంతుకు తగ్గరాదు, ఆ తరువాత సగానికి తగ్గరాదు. అనగా 300 రూపాయల కూలికి మొదట 75, పిమ్మట 150 అన్నమాట.

పని మానినవారికి వేసిన శిక్ష కూడా ఆ చట్టంలోనే, తొమ్మిదో సెక్షన్‌లో ఉంది. చూపించిన పని వద్దన్నవారు, రమ్మని కబురు అందిన పదిహేను రోజుల లోపల పనిలోకి రానివారు, అనుమతి తీసుకోకుండా ఏకబిగిని వారానికి మించి మానినవారు, లేదా ఒక నెలలో మొత్తం మీద వారానికి మించి నాగా పెట్టినవారు మూడు నెలల పాటు నిరుద్యోగ భృతి అడగరాదు. శిక్ష అంతే. పని మాత్రం ఎప్పుడైనా అడగవచ్చునని ఆ వాక్యం చివరనే రాసి ఉంది. మన పెద్దమ్మ పది రోజులు మానింది కనుక మూడు నెలల భృతి హక్కు పోయింది, నిజమే. పని హక్కుకు మాత్రం ఏమీ కాలేదు. ఊడ్పులకు వెళ్లే ముందు "ఫలానా రోజు దాకా రాము" అని కాగితం ఇచ్చి అనుమతి పొంది ఉంటే ఆ భృతి హక్కూ పోయేది కాదు.

మరి కార్డు మాట? కార్డు దొంగ నకలని తేలినా, ఇంటిల్లిపాదీ ఊరు విడిచి శాశ్వతంగా వెళ్లిపోయినా తప్ప రద్దు చేయరాదని ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. అయితే రాసి ఉండడం వేరు, జరగడం వేరు. 2022–23లో దేశం మొత్తం మీద 5 కోట్లకు పైగా కూలీల పేర్లు జాబితాల నుండి తీసివేసినట్టు ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అందుకు చూపిన కారణాలలో "పని చేయడానికి ఇష్టం లేదు" అన్నది ఒకటి. ఊడ్పులకు వెళ్లిన మనిషికి పని ఇష్టం లేదంటే ఏమనాలి! నడుం వంచి నీళ్లలో పొద్దంతా నిలబడ్డ మనిషి ఆవిడ.

మన డెల్టాలో కరువు లేకపోయినా దీన్ని చాలామంది కరువు పని అనే అంటారు. ఆ పేరుకు పాత కథ ఉంది. 1876–78 కరువులో మద్రాసు రాజధాని జిల్లాలు మాడిపోయినప్పుడు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని గోదావరి డెల్టా పచ్చగానే ఉంది. తక్కిన చోట్ల సర్కారు రోడ్లు, చెరువుల పనులు పెట్టింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి మగ మనిషి రోజు కూలిని ఒక పౌను ధాన్యానికీ, ఒక అణాకూ తగ్గించాడు. పౌను అంటే అరకిలోకి తక్కువే. అది చాలదని డాక్టర్ కార్నిష్ అనే ఆరోగ్యాధికారి గట్టిగా వాదించాడు. ఆ ఏడాదే కూలి మళ్లీ పెంచారు. ఆ రోజుల్లో పని మానితే పోయేది తిండి. 2005 చట్టంలో పోయేది మూడు నెలల భృతి. ఈ తేడా తెలియకనే మనవాళ్లు ఇంకా ఆ పాత భయంతో ఉన్నారని నాకనిపిస్తుంది.

భృతి సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. నేను తిరిగిన ఊళ్లలో దాన్ని అందుకున్నవారిని ఒక్కరిని కూడా చూడలేదు. కారణం రసీదు. పని అడిగిన రోజున తేదీ వేసిన రసీదు పుచ్చుకోకపోతే పదిహేను రోజులు ఎప్పటినుండి లెక్కపెట్టాలి? "నోటితో చెప్పాం గదండీ" అంటారు. నోటితో అడిగినా చెల్లుతుంది, కాని రసీదు అడగండి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో వేరొక చట్టాన్ని ఆమోదించింది. అందులో వంద రోజులకు బదులు 125 రోజులు అన్నారు. విత్తనాలూ కోతలూ ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా ఈ పనులు ఆపి ఉంచే ఏర్పాటు కూడా పెట్టారు. ఊడ్పులకు, మాసూళ్లకు మనుషులు దొరకడం లేదనే రైతుకు ఇది బాగానే ఉంటుంది. ఆ రోజుల్లో ఊడ్పులు దొరకని కూలీ ఇంటికి ఎలా ఉంటుందో కూడా రైతు ఆలోచించాలి. మీ ఊరికి ఆ విరామం ఏ తేదీ నుండి ఏ తేదీ వరకో పంచాయతీలో ముందే కనుక్కోండి. విరామంలో పని లేకపోవడం మీరు మానినట్టు కాదు.

ఆ పెద్దమ్మ చేత ఆ రోజే గట్టు మీద కూర్చుని అర్జీ రాయించాను. వేలిముద్ర వేస్తూ, "రసీదు ఇవ్వకపోతే?" అంది. మర్నాడు కోడల్ని తోడు తీసుకొని ఇద్దరూ వెళ్లమన్నాను.