ఒక్క అడుగు తేడా.. పన్ను ఎంతో తేడా!

హోసూరు: తమిళనాడులో 2022 ఏప్రిల్‌లో పెంచిన ఇంటి పన్నుపై యజమానులు మద్రాసు హైకోర్టు మెట్లెక్కినా పెంపు రద్దు కాలేదు. పెంపు సబబేనని కోర్టు తేల్చింది. 2018 పెంపును 2019లో పక్కన పెట్టారుగా, ఇదీ అంతేలే అనుకున్నవాళ్లకు నిరాశే మిగిలింది.

చెన్నై పాత నగరం మినహా 600 చదరపు అడుగుల వరకు 25 శాతం, 1,200 వరకు 50, 1,800 వరకు 75, ఆపైన 100 శాతం వడ్డించారు. మెలిక ఇక్కడే ఉంది. పాత పన్ను రూ.2 వేలనుకుంటే 1,200 అడుగుల ఇంటికి రూ.3 వేలు. ఒక్క అడుగు ఎక్కువ రాశారో, రూ.3,500!

శాతంపై వాదన చెల్లలేదు గానీ, కొలత తప్పయితే నగరపాలక సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. మన పెద్దవాళ్లలో తమిళం మాట్లాడొచ్చినా చదవడం రానివాళ్లు ఎందరో. 'వీట్టు వరి' కాగితంలో అడుగులెన్ని రాశారో పిల్లలచేత చదివించుకుని, టేపు పట్టి కొలిచాకే కట్టండి.